నలభై నాలుగు బకెట్ల వరస

మూడోసారి కూడా మేడం నా కాగితాలు వెనక్కిచ్చేశారు.

ఎర్రసిరా గీత లేదు. మార్కు లేదు. సంతకం అసలే లేదు. ఆ రోజు బుధవారం. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోపు వాటి మీద ఆవిడ సంతకం పడకపోతే నేను ఎకనామిక్స్ ఆనర్సులో ఉండను. పుస్తకాలు సర్దుకుని మామూలు డిగ్రీ క్లాసులో కూర్చోవలసిందే.

నాది షరతు మీద వచ్చిన సీటు. నేను ఇంటర్ కాలేజీ గడప తొక్కినదాన్ని కాదు. మా నాయనకు పీలేరులో పాతసామాన్ల కొట్టు. పాత పేపర్లు, పాత పుస్తకాలు మూటలు మూటలుగా వచ్చి పడేవి. ఆ మూటల మీద కూర్చునే చదువుకున్నాను. ఒకరోజు అట్ట లేని ఎకనామిక్స్ పుస్తకం ఒకటి దొరికింది. మొదటి ముప్పై పేజీలు ఎవరో చింపుకుపోయారు. ముప్పై ఒకటో పేజీలో గిరాకీ రేఖ కిందికి దిగుతూ కనిపించింది. ఎందుకు దిగుతోందో చెప్పే పేజీ లేదు. నాకు నేనే కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. కనుక్కున్న రోజు అన్నం తినడం మరిచిపోయాను, అంత సంతోషం.

అట్లా ఓపెన్ స్కూల్లో పరీక్ష రాసి, కొండ పక్కన చలి ఎక్కువుండే ఆ ఆడపిల్లల కాలేజీలో చేరాను. ప్రిన్సిపాల్ నా సర్టిఫికెట్లు అటూ ఇటూ తిప్పి చూసి ఒక మాట చెప్పింది. "రెడ్డిరాణీ, డిసెంబరు సెలవుల లోపల నీ కంటితో చూసిన సంగతి మీద ఒక పరిశీలన రాయి. గైడు చేత సంతకం పెట్టించుకో. అప్పుడే నీ ఆనర్సు ఖాయం."

గైడు ఖైరున్నీసా మేడం.

ఆవిడ ముప్పై ఏళ్ళుగా అక్కడ ఎకనామిక్స్ చెబుతున్నారు. అంతకు ముందు అక్కడే చదువుకున్నారు. మాట తక్కువ. బోర్డు మీద ఒక బొమ్మ గీసి, సుద్దముక్క ఎవరో ఒక పిల్ల చేతికిచ్చి, తను పోయి కిటికీ దగ్గర నిలబడేవారు. ఆ పిల్ల తడబడితే సాయం చేసేవారు కాదు, కోప్పడేవారు కాదు. ఎదురుచూసేవారు.

మిగతా పిల్లలకు ఆ సుద్దముక్క అంటే వణుకు. నాకు లేదు. ఎప్పుడెప్పుడు నా చేతికొస్తుందా అని ముందు బెంచీలో కూర్చునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గాని, ఆ రోజుల్లో నా మనసులో ఉన్నది ఇదే: వీళ్ళందరికీ ఒకరు చెబితే వచ్చింది, నాకు ఎవరూ చెప్పకుండానే వచ్చింది.

ఆ కాలేజీలో ఒక్క శాస్త్రమే చదువుతానంటే కుదరదు. లెక్కల పిల్ల నాటకం వెయ్యాలి. ఎకనామిక్స్ పిల్ల మొక్కల పేర్లు నేర్చుకోవాలి. నా గదిలో ఉండే నాగవేణి చరిత్ర చదువుతూ సంగీతం నేర్చుకునేది. నేను మొక్కల క్లాసుకు పోయేదాన్ని గాని, అక్కడ కూడా నోటు పుస్తకం చివర గిరాకీ రేఖలే గీసుకునేదాన్ని.

పరిశీలనకు దూరం పోనక్కరలేకపోయింది. మా గది కిటికీలోంచి కిందికి చూస్తే హాస్టల్ పెరడు. పెరట్లో కట్టెలతో కాగే పెద్ద బాయిలర్. దానికి ఒకటే కొళాయి. తెల్లవారి ఐదున్నరకు, బాయిలర్ కాచే గంగులమ్మ ఆ కొళాయి తిప్పేది. ఆ లోపలే కొళాయి ముందు బకెట్లు బారు తీరి ఉండేవి. మనుషులు కాదు, బకెట్లే. నెయిల్ పాలిష్‌తో పేర్లు రాసుకున్న బకెట్లు. నలభై నాలుగు.

నా బకెట్టు అందులో లేదు. నాకసలు బకెట్టే లేదు. నేను సాయంత్రం నాలుగింటికి, బాత్రూములు ఖాళీగా ఉన్నప్పుడు, అక్కడున్న చెంబుతో చన్నీళ్ళు పోసుకునేదాన్ని. వేణ్ణీళ్ళు మనిషిని మెత్తన చేస్తాయని నా నమ్మకం. అందుకని ఆ వరసను చూడటానికి నాకంటే తటస్థంగా ఉండేవాళ్ళు లేరనుకున్నాను.

నెల రోజులు పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారు, అంతా రాసుకున్నాను. గంగులమ్మ ఏవో అంకెలు అరిచేది. బకెట్లు లెక్కపెట్టుకుంటోందనుకున్నాను. నాకు వింతగా తోచింది ఒకటే. ముందుగా నీళ్ళు పట్టుకున్న పిల్లలు స్నానానికి పోయేవాళ్ళు కాదు. బకెట్టు పట్టుకుని పెరటి గోడ మలుపు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడేవాళ్ళు. నిలబడి నవ్వుకునేవాళ్ళు. గోడకు అవతల ఏం జరిగేదో నా కిటికీకి కనపడదు.

నేను రాసుకున్నాను: "కబుర్ల వల్ల రోజూ ఇరవై నిమిషాల నష్టం." దాన్ని ఇరవై మందితో, ఏడాదిలో ఉండే రోజులతో గుణించాను. వచ్చిన గంటలు చూసి నాకే దిగులేసింది. ఒక చిన్న జిల్లాకు చాలినంత కాలం ఆ గోడ దగ్గర కారిపోతోంది.

దానికి మందు కూడా నేనే రాశాను. వరసలో చోటు మార్చుకునే వీలుండాలి. త్వరగా కావలసినవాళ్ళు ముందుకు పోవాలి, తొందర లేనివాళ్ళు దానికి బదులుగా ఏదో ఒకటి పొందాలి. నీళ్ళు పట్టుకున్నవాళ్ళు నేరుగా స్నానానికి పోవాలి, గోడ దగ్గర నిలబడకూడదు.

మొదటిసారి కాగితాలు ఇచ్చినప్పుడు మేడం చదివి, "చేసి చూశావా?" అని అడిగారు. అంతే.

అందుకని చేసి చూశాను. ఆదివారం మెస్సులో తలా ఒక ఓళిగ, అదే బొబ్బట్టు, వేసేవాళ్ళు. వేడి ఓళిగ, మీద నెయ్యి. ఒక్కో పిల్లకు నాలుగు చీట్లు ఇచ్చాను, ఒక్కో చీటీకి పావు ఓళిగ. చోటు కావలసినవాళ్ళు చీటీ ఇచ్చి కొనుక్కోవచ్చు. ఆరు రోజులు. హాస్టలంతా ఒప్పుకుంది. నాగవేణే గది గదికీ పోయి ఒప్పించింది. ఏం చెప్పి ఒప్పించిందో నేను అడగలేదు. నా ఆలోచన అంత బాగుంది కాబట్టి ఒప్పుకున్నారనుకున్నాను.

ఆ ఆరు రోజులూ నాకు పండగే. కిటికీలోంచి చూస్తుంటే పెరట్లో బజారు పుట్టింది. "మూడు చీట్లకు ఇరవై రెండో చోటు, ఎవరికి కావాల?" అని అరుపులు. మూడో ఏడాది ఇందుమతి ఇరవై ఎనిమిది చీట్లు కూడబెట్టింది. ఆదివారం ఏడు ఓళిగలు తెచ్చుకుని, చాకుతో ముక్కలు కోసి, ఎవరి దగ్గర చీట్లు తీసుకుందో వాళ్ళకే పంచేసింది. "పునఃపంపిణీ, కారణం తెలియదు" అని రాసుకున్నాను.

ఇంకొకటి కూడా తెలియలేదు. ఎక్కువ చీట్లు పలికింది మొదటి చోటుకు కాదు. ఇరవైకి, ఇరవై రెండుకు, ఇరవై నాలుగుకు. మొదటి చోటు ఊరికే ఇస్తామన్నా తీసుకున్నవాళ్ళు తక్కువ. నేను దాని గురించి ఒక పూట ఆలోచించి, "పల్లెల నుంచి వచ్చిన బాలికలలో ముందు నిలబడటానికి బిడియం" అని తేల్చాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకు చాలా నచ్చింది.

చివరి పట్టికలో చివరి గడి: "ఫిర్యాదులు: సున్నా."

ఆరు రోజులు అయిపోగానే వరస మళ్ళీ పాత పద్ధతికి పోయింది. "అలవాటు బలం" అని రాసి, పద్నాలుగు పేజీలు మేడం బల్ల మీద పెట్టాను.

మర్నాడు అవి తిరిగొచ్చాయి. పల్లె బాలికల బిడియం ఉన్న చోట పెన్సిల్‌తో సన్నగా ఒక గీత. పక్కన ఒక ప్రశ్న.

"నీళ్ళు ఎంత వేడి?"

నాకు నవ్వొచ్చింది. ఇంత రాస్తే ఇదా అడిగేది? అయినా సరే అనుకుని కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి ఒక థర్మామీటర్ అడిగి తెచ్చుకున్నాను. బుధవారం ఐదింటికి, ఇంకా ఒక్క బకెట్టూ రాకముందే, బాయిలర్ మూత తీయించి అందులో ముంచాను.

గంగులమ్మ చెంగుతో ముక్కు మూసుకుని చూస్తూ ఉంది. "జొరమొచ్చినాదా పాపా దానికి?"

"ఎనభై డిగ్రీలు," అన్నాను.

"అయితే బతకదు," అంది.

ఎనభై డిగ్రీలు అని పట్టిక కింద రాసి, మధ్యాహ్నం పట్టుకుపోయి ఇచ్చాను. మేడం ఆ అంకె చూశారు. తర్వాత నన్ను చూశారు. నా మొహంలో ఏదో పేజీ చిరిగిపోయిందేమో అన్నట్టు కాసేపు చూసి, కాగితాలు నా వైపు జరిపారు.

అదీ మూడోసారి.

"ఇంకేం కావాలి మేడం?" అన్నాను. గొంతు కొంచెం లేచింది. "ఎల్లుండి ఆఖరు రోజు. ఏది తప్పో చెబితే దిద్దుకుంటాను. చెప్పకపోతే ఎట్లా?"

ఆవిడ లేచారు. బీరువా వెనక వంగి, అక్కడున్న పాత పేపర్ల కట్టలు పక్కకు జరిపి, ఒక బకెట్టు బయటికి లాగారు. ఇనపరేకు బకెట్టు. అడుగున సొట్టలు. పక్కన ఎర్రరంగు పోయి పోయి ఆవిడ పేరులో మిగిలిన రెండు అక్షరాలు. దానిలో ఉన్న సాలెగూడు చేత్తో తుడిచి నాకిచ్చారు.

"రేపు ఇది వరసలో పెట్టు."

నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. "నీళ్ళు పట్టి ఎక్కడికి తేవాలి మేడం?"

ఆవిడ అప్పటికే వేరే ఎవరిదో జవాబు కాగితం దిద్దుకుంటున్నారు.

దారంతా కుమిలిపోయాను. ఇదన్నమాట సంగతి. పాతకాలం కథల్లో గురువుగారింటికి కట్టెలు కొట్టినట్టు, నీళ్ళు మోసినట్టు, నేను కూడా మోస్తే గాని సంతకం రాదు. ఆవిడ ఇంట్లో నీళ్ళు కాచే మిషను చెడిపోయి ఉంటుంది. సరే. మోస్తాను. సీటు కోసం ఎంత దూరమైనా మోస్తాను.

గురువారం ఐదుంబావుకు పెరట్లోకి దిగాను. కిటికీ నుంచి చూస్తే తెలియని చలి. నేల మీద మంచు పడి అరికాళ్ళు జిల్లుమన్నాయి. అప్పటికే మూడు బకెట్లున్నాయి. నాది నాలుగోది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. నన్ను చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

"రెడ్డిరాణి దిగొచ్చినాది మే."

"ఈరోజు థర్మామీటరు తేలేదా?"

"బకెట్టు తెచ్చినాది సూడు. మా జేజి కాలంది మాదిరి ఉండాదే."

నేను వాళ్ళ వైపు చూడకుండా బాయిలర్ వైపు చూస్తూ నిలబడ్డాను. ఐదున్నరకు గంగులమ్మ వరస పొడుగునా నడుచుకుంటూ పోయి లెక్కపెట్టింది. ఎవరో ఒక పిల్ల ఊరికి పోయినట్టుంది, నాతో కలిపి మళ్ళీ నలభై నాలుగే. తిరిగొచ్చి అరవడం మొదలుపెట్టింది. కిటికీలోంచి నెలరోజులు విన్న అంకెలే.

"ఒకటి, నలభై నాలుగు. రెండు, నలభై మూడు. మూడు, నలభై రెండు. నాలుగు, నలభై ఒకటి. ఎవుర్ది మే నాలుగు?"

"నాదే," అన్నాను.

"నీ జత నలభై ఒకటి. గుర్తు పెట్టుకో."

జత ఏమిటో అడుగుదామనుకునే లోపల కొళాయి తిరిగింది. నా బకెట్టు నిండింది. ఆవిరి మొహానికి కొట్టింది. రెండు చేతులా ఎత్తుకుని మేడం క్వార్టర్స్ వైపు నాలుగడుగులు వేశాను.

"యాడికి మే పోతాండావు?" గంగులమ్మ.

"మేడం ఇంటికి. ఆమెకే ఈ నీళ్ళు."

వరసంతా ఒక్కసారి నవ్వింది. నలభై మంది ఆడపిల్లలు తెల్లవారుజామున నవ్వితే ఎట్లా ఉంటుందో విన్నవాళ్ళకే తెలుసు. కాకులు లేచిపోయాయి.

"మేడం ఇంట్లో గీజరుండాది మే," అంది ఇందుమతి. ఆవిడ బకెట్టు నా ముందుది. "మొన్ననే కొత్తది పెట్టించినారు. మా రూమోళ్ళం పోయి చూసొచ్చినాం గూడా."

"అయితే ఈ నీళ్ళు ఎవరికి?"

గంగులమ్మ, "పోసుకుంటే నీకే. లేదంటే మొక్కలకు పోయొద్దు, సచ్చిపోతాయి," అంది.

నేను బకెట్టు కింద పెట్టి వేలు ముంచాను. వెంటనే లాక్కుని నోట్లో పెట్టుకున్నాను.

"ఎనభై డిగ్రీలు గదా," అంది వరసలోంచి ఎవరో, చాలా వినయంగా.

బాత్రూముల్లోకి పోయి కొళాయి తిప్పాను, చన్నీళ్ళు కలుపుకుందామని. బుస్సుమని గాలి వచ్చింది. మా ఊళ్ళలో నీళ్ళ సంగతి తెలిసిందే కదా. ట్యాంకులో మిగిలిన నీళ్ళన్నీ పొద్దున బాయిలర్‌కే పోతాయి. మళ్ళీ మోటారు వేసేది ఎనిమిదింటికి. సాయంత్రం నాలుగింటికి స్నానం చేసేదానికి ఈ సంగతి ఎట్లా తెలుస్తుంది?

"బయటికి రా మే," ఇందుమతి పిలిచింది. "జత రాకుండా లోపల ఏం చేస్తావు? రా, ఈడ నిలబడు."

ఈడ అంటే గోడ మలుపు.

నిలబడ్డాను. నాతో కలిపి మొదట ఐదారుగురం, తర్వాత పది, పన్నెండు మంది. బకెట్లు ముందు పెట్టుకుని, వాటి ఆవిరి మీద చేతులు కాచుకుంటూ. నేను రాసింది ఒక్కటైతే నిజం. అక్కడ చెప్పుకునేవి కబుర్లే. ఎవరి అక్కకు ఎవరితో నిశ్చయమైంది, మెస్సులో చింతపులుసు ఎవరి చేయి, ఇంగ్లీషు మేడం కొత్త చీర ఎక్కడిది. అందరూ నన్ను కలుపుకున్నారు. ఇరవై నిమిషాలు ఎట్లా పోయాయో తెలియలేదు. ఆ నష్టంలో నా వాటా నేను పూర్తిగా వాడుకున్నాను.

బాయిలర్‌లో పైనుంచి చన్నీళ్ళు చేరుతూ, కింద మంట తగ్గుతూ వచ్చింది. వరస వెనక్కి పోయేకొద్దీ బకెట్ల మీద ఆవిరి పలచబడింది. ఇరవై దాటాక కొంచెం కనిపించింది. ముప్పై దాటాక లేదు.

నలభై ఒకటో బకెట్టు పట్టుకుని నాగవేణి వచ్చింది. ఎప్పుడూ చివర లేస్తుంది కాబట్టి ఎప్పుడూ చివరే ఆమె చోటు. నన్ను చూసి ఆగిపోయింది. తర్వాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

"నువ్వా నా జత?"

ఆమె బకెట్టులో చెయ్యి పెట్టి చూశాను. ఆ నీళ్ళు వేడి కాదు, మరీ చల్లనా కాదు. ఇట్లాంటి చలిలో ఒంటి మీద పోసుకుంటే ఏడుపొచ్చే రకం.

నాగవేణి బాత్రూముల వరండాలోంచి ఒక ఖాళీ బకెట్టు తెచ్చింది. తన నీళ్ళు సగం దాంట్లో పోసింది. నా నీళ్ళలో సగం తన బకెట్టులోకి వంచింది. ఖాళీ బకెట్టులోవి నా దాంట్లోకి వంచింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గోడ పొడుగునా అందరూ అదే పనిలో ఉన్నారు. ఒకటికి నలభై నాలుగు, రెండుకు నలభై మూడు. ముందొచ్చినా వెనకొచ్చినా చివరికి అందరి బకెట్టులో ఒకే రకం నీళ్ళు. నెల రోజులు నేను వరసనే చూశాను. అది వరస కాదు.

నా వేలు ఇంకా మండుతూనే ఉంది. ఆ ఆరు రోజులూ ముందు చోట్లలో ఉన్నవాళ్ళు ఏం చేసుంటారు? గోడ దగ్గర నిలబడకూడదని రాసింది నేనే.

"ఆ ఆరు రోజులు," అన్నాను, "మీరు ఎట్లా పోసుకున్నారు?"

"ముందరోళ్ళం నీళ్ళు చల్లారబెట్టుకున్నాం," అంది ఇందుమతి. "మూడు రోజులు ఫస్టు పీరియడ్ పోయినాది."

"వెనకోళ్ళం చలికి పాటలు పాడుకున్నాం," అంది నాగవేణి.

ఆమె గొంతు అప్పుడు విన్నాను. వారం నుంచి వింటున్నాను గాని అప్పుడే విన్నాను. గరగరలాడుతోంది. అంతకు ముందు శనివారం ఆమెకు సంగీతం పరీక్ష అయింది. పై స్థాయికి పోయినప్పుడు గొంతు చీలిపోయిందని, మాష్టారు మధ్యలో ఆపమన్నారని గదికొచ్చి చెప్పింది. ఎందుకట్లా అయిందని అడిగితే ఐస్‌క్రీం తిన్నానంది. నేను ఐస్‌క్రీం తినకూడదని ఆమెకు చాలాసేపు చెప్పాను.

"ఐస్‌క్రీం అన్నావే?"

"డిసెంబర్లో ఐస్‌క్రీం ఎవరు తింటారు మే, నువ్వు నమ్మితివి గాని."

"మరి చెప్పచ్చు కదా. ఎవరో ఒకరు చెప్పచ్చు కదా. నేను ఫిర్యాదులు సున్నా అని రాసుకున్నాను."

"చూసినాంలే. పెద్ద అక్షరాలతో రాసినావు."

"ఎందుకు చెప్పలేదు?"

నాగవేణి నా బకెట్టు బాత్రూము గడప దగ్గర పెట్టి, తలుపు తోసింది. "చెబితే నీ సీటు పోతాది గదా. ఆరు రోజులే గదా అనుకున్నాం. పో, నీళ్ళు చల్లారిపోతాయి."

తలుపు వేసుకున్నాను.

ఆ స్నానం గురించి రాయడం నాకు చేతకాదు. మొదటి చెంబు నెత్తిన పోసుకోగానే భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి. ఎన్ని నెలలుగా పైకి ఎగదీసి పెట్టుకున్నానో. పక్క గదిలో ఎవరో పాడుతున్నారు, అటుపక్క ఎవరో తప్పు పదం అందిస్తున్నారు, గోడ మీదుగా సబ్బు ఒకటి అటూ ఇటూ ఎగురుతోంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకు తెలియలేదు. నీళ్ళలో ఆ తేడా ఏమీ తెలియదు కూడా.

శుక్రవారం మూడున్నరకు మేడం గదికి పోయాను. చేతిలో పాత పద్నాలుగు పేజీలూ ఉన్నాయి. వాటి మీద కొత్తగా రాసిన ఒక్క పేజీ. ఆ పేజీలో పట్టిక లేదు, రేఖ లేదు. బాయిలర్ ఎట్లా కాగుతుందో, గంగులమ్మ ఏ అంకెలు ఎందుకు అరుస్తుందో, గోడకు అవతల ఏం జరుగుతుందో రాశాను. మధ్య చోట్లకు ఎందుకు అన్ని చీట్లు పలికాయో రాశాను. చివర రెండు వాక్యాలు: "నేను ఆరు రోజులు దీన్ని ఆపాను. ఎవరూ నాతో చెప్పలేదు, ఎందుకంటే వాళ్ళు నన్ను చూస్తున్నారు, నేను బకెట్లను చూస్తున్నాను."

మేడం నిలబడే చదివారు. చదవడం అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"రూలు ప్రకారం పన్నెండు పేజీలు ఉండాలి," అన్నారు.

"నా దగ్గర ఉన్నది ఇంతే మేడం."

"అవి?"

పద్నాలుగు పేజీలు వెనక్కి దాచుకోబోయాను. ఆవిడ చెయ్యి చాపారు. ఇచ్చాను. ఆ ఒక్క పేజీ కింద వాటిని పెట్టి, అంచులు సమంగా తట్టి, పిన్ను కొట్టారు.

"అవన్నీ తప్పు మేడం. చించేద్దామనుకున్నాను."

"ఇది కూడా నువ్వు చూసిందే," అన్నారు.

పల్లె బాలికల బిడియం అలాగే ఉంది. సున్నా అలాగే ఉంది. వాటన్నిటికీ కలిపి పైన సంతకం పెట్టారు. నిదానంగా, పేరు మొత్తం రాశారు.

సీటు దక్కింది. బయట కారిడార్‌లో నాగవేణి, ఇందుమతి, ఇంకో పదిమంది తలుపు సందులోంచి తొంగి చూస్తున్నారు. ఎవరో ఎవరి కాలో తొక్కి కెవ్వుమన్నారు. మేడం అటు చూడనట్టే ఉన్నారు గాని, పెదవి ఒక మూల కదిలింది.

కాగితాలు గుండెకు హత్తుకుని గుమ్మం దాకా వచ్చినదాన్ని ఆగిపోయాను. ఊరుకోలేని బుద్ధి నాది.

"మేడం, తర్వాతి పరిశీలన దేని మీద చెయ్యమంటారు?"

ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

"రేపు కూడా స్నానం చెయ్యి," అన్నారు.